పొయ్యిలేని దీవి

రజియ్యా రెండుసార్లు పెళ్ళి చేసుకుంది, రెండుసార్లూ దోన్ మానిక్‌నే. మధ్యలో వచ్చిన విడాకులకు కారణం గరుదియాలో ఉప్పు. గరుదియా అంటే చేపను ఉడకబెట్టిన తేట నీరు, అందులో వంటమనిషి తప్పు దాక్కోవడానికి చోటుండదు. ఉప్పు తక్కువైందని ఆయన అన్నాడు. ఆవిడ గరిటె కింద పెట్టి పుట్టింటికి నడిచింది. పుట్టిల్లు మూడిళ్ళ అవతలే కనుక ప్రయాణ బడలిక లేదు. నాలుగు నెలలు చెయ్యి కాల్చుకున్నాక, ఉప్పు మొదటినుంచీ సరిగ్గానే ఉండేదని ఆయన ఇద్దరు సాక్షుల ఎదుట ఒప్పుకున్నాడు. ఎలాగూ వచ్చారు కదా అని వాళ్ళనే రెండో పెళ్ళికీ సాక్షులుగా కూర్చోబెట్టారు. ఆ పెళ్ళి విందు వండింది పెళ్ళికూతురే.

పదకొండో ఏట అంటించిన పొయ్యి ఆవిడది. చేప కూరిన ఆవిడ బజియాలు లేకుండా ఆ దీవిలో ఎవరూ పుట్టలేదు, పోలేదు, ఎన్నికల్లో గెలవలేదు. ఇప్పుడావిడకు నలభై తొమ్మిది.

ఒక ఉదయం కొబ్బరి కోరుతూ ఆవిడ ఎదురు దీవి వైపు చాలాసేపు చూసింది. దోనీ పడవలో అరగంట దూరం, మనుషులెవరూ ఉండరు.

"నేనూ సెలవు మీద పోతానయ్యా, అక్కడికి" అంది మొగుడితో.

"అక్కడేముందని? ఇదే ఇసుక, ఇవే కొబ్బరిచెట్లు."

"పొయ్యి లేదు. ఒక్క రోజు ఎవరైనా చేసిపెడితే కూర్చుని తినాలని ఉంది. ఆ తరవాత చచ్చేదాకా వండమన్నా వండుతాను."

దోన్ మానిక్ మనసు కరిగింది. కరిగిన మనసును ఇంట్లో ఉంచుకోలేక రేవుకు పట్టుకెళ్ళాడు. రేవులో ఇనుప చట్రాలకు తాడు వల బిగించిన కుర్చీలు వరసగా ఉంటాయి. దీవి పాలన సాగేది వాటి మీదే. దోనీ కట్టించుకుని షికారుకు పోతూ పక్కింటివాణ్ణి పిలవకపోవడం అక్కడ దొంగతనం కంటే పెద్ద నేరం. ఆయన నేరస్థుడు కాదలుచుకోలేదు. మధ్యాహ్నానికి ఇద్దరి సెలవు ముప్పై ఒక్కరి సెలవైంది.

పాత కతీబు ఆదం ఫుళు వెంటనే సంఘం వేశాడు. దీవికి పెద్దగా ఆయన చేసిన కతీబు ఉద్యోగాన్ని ప్రభుత్వం ఎప్పుడో ఎత్తేసింది గానీ, ఆయన కలాన్ని ఎత్తేయడం ఎవరి వల్లా కాలేదు. సమావేశాలు నాలుగు జరిగాయి, నాలుగూ రజియ్యా వరండాలోనే. బజియాలు అక్కడే దొరుకుతాయన్నది ఎవరూ పైకి చెప్పని కారణం. వండకుండా గడపబోయే ఒక్క రోజు కోసం ఆవిడ నాలుగు సాయంత్రాలు అదనంగా వేయించింది. వరండాలో గంభీరమైన చర్చలు నడిచాయి. డప్పు ఒకటా, రెండా? కొబ్బరిచెట్లు తప్ప మరేమీ లేని దీవికి కొబ్బరికాయలు పట్టుకెళ్ళాలా? ముందుజాగ్రత్తగా రెండు పట్టుకెళ్ళాలని తీర్మానమైంది.

మూడో సమావేశంలో ఆడపడుచు సకీనా ప్రేమగా భుజం మీద చెయ్యి వేసింది. "నీకే పనీ చెప్పకూడదని అందరికీ చెప్పేశాను వదినా. సెలవు నీదేగా. అన్నట్టు, మీ పెద్ద డేగిసా ముప్పై మందికి సరిపోతుందా?"

రజియ్యా చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది. నేను రావడం మానేస్తానని ఆ రాత్రి మొగుడితో చెప్పింది. వండేదేదో ఇక్కడే వండితే కనీసం కళ్ళలో ఇసుక పడదంది. ముప్పై మందికి వద్దని చెప్పే ధైర్యం ఆయనకు లేదని ఇద్దరికీ తెలుసు.

చివరి సమావేశంలో ఆదం ఫుళు జాబితా చదివాడు. ఎవరు ఏం తేవాలో ఆయన రాసి చదివాక అందరూ "సరే" అంటే, ఇక అది ఆ దీవిలో శాసనమే. డప్పులు, గాలాలు, చాపలు, కత్తులు, రెండు కొబ్బరికాయలు. "రజియ్యా: వల కుర్చీ, ఒకటి."

వంట సంగతి రాయలేదు. రేపు సూర్యుడు ఉదయించవలెనని ఎవరు రాస్తారు?

పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రజియ్యా అడిగింది. "కతీబుగారూ, నా పేరు ఎదురుగా ఇంకేమైనా ఉందేమో మళ్ళీ చూడండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "కుర్చీ. అంతేనమ్మా."

"రాసిందే లెక్కా?"

"ముప్పై ఏళ్ళుగా రాసిందే లెక్క."

అందరూ "సరే" అన్నారు. అందులో ఒక గొంతు కాస్త గట్టిగా వినిపించింది.

శనివారం పొద్దున రజియ్యా భుజాన కుర్చీ, చేతిలో వక్కల డబ్బాతో దోనీ ఎక్కింది. దారిలో మగవాళ్ళు ఆరు ట్యూనా చేపల్ని పట్టారు. డప్పులు మోగాయి. దీవిలో దిగి ఈతలు కొట్టి, కడుపులు మాడే వేళకు సకీనా డేగిసా కోసం వెతికింది. సామాన్లన్నీ తిరగేశాక అందరూ నీడలో కుర్చీ వైపు తిరిగారు.

"జాబితా చూడండి" అంది రజియ్యా, వక్క నములుతూ.

ఆదం ఫుళు రెండుసార్లు చూశాడు. తప్పు రాశానంటే ముప్పై ఏళ్ళ జాబితాలూ అనుమానంలో పడతాయి. "జాబితాలో తప్పు లేదు. వంట రజియ్యాది కాదు" అని తీర్పు చెప్పాడు.

"మరి ఎవరిదంట?" అంది సకీనా.

"నలభై ఏళ్ళు చేపలవేటకెళ్ళిన దోనీల మీద ఈ మగవాళ్ళకి ఎవరు వండిపెట్టారో అడుగు" అంది రజియ్యా.

మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒడ్డున ఉన్నంతసేపు భద్రంగా దాచుకున్న విద్య అలా బయటపడింది. పది నిమిషాల్లో కొబ్బరిపీచు నిప్పులయింది, చేపలు చీలికలయ్యాయి. ఉప్పు కూడా జాబితాలో లేదు కనుక ముక్కల్ని సముద్రంలోనే ముంచి కాల్చారు. మొదటి ముక్కను దోన్ మానిక్ ఆకులో పెట్టి, రెండు చేతులతో కుర్చీ దగ్గరికి తెచ్చాడు. డప్పులు ఆగాయి.

రజియ్యా తీరిగ్గా నమిలింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

ఆ ఇద్దరు సాక్షులూ అక్కడే ఉన్నారు. దోన్ మానిక్ వాళ్ళ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, ఆకు తీసుకుని నీళ్ళ దాకా నడిచి, ముక్కను ఇంకోసారి ముంచి తెచ్చాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది" అని ఆవిడ కాళ్ళు చాపుకుంది. "ఇంకో ముక్క పట్రా."