బంతిని పైకి లేపని బడి

తుమకూరులో మా మేనల్లుడు మంజునాథ ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. పోయిన ఏడాది జిల్లా పోటీల్లో వాడి ఆడపిల్లల జట్టు పావగడ తాలూకా నుంచి వచ్చిన ఒక సర్కారు బడి చేతిలో చిత్తుగా ఓడింది. ఫోన్లో ఆ సంగతి చెబుతూ, "వాళ్లు బంతిని పైకి లేపరు మామా. ఆటంతా నేల మీదే. మా పిల్లలకు బంతి కనపడలేదంటే నమ్ము" అన్నాడు. ఓడినవాడి సాకు అనుకున్నాను. అయినా ఆ మాట మనసులో ఉండిపోయింది. నేను కాలేజీ రోజుల్లో లెఫ్ట్ వింగ్‌లో ఆడేవాణ్ణి. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పడం నాకున్న చెడ్డ అలవాటు, రిటైరయ్యాక ఇంకా ముదిరింది. ఆగస్టులో ఒక శుక్రవారం, ఆ బడి చూసొద్దామని బయలుదేరాను.

అనంతపురంలో ఆరింటికి బస్సు. పెనుకొండలో దిగి ఇడ్లీ తిని, రొద్దం మీదుగా పావగడ పోయే బస్సెక్కాను. రొద్దం దాటాక రాష్ట్రం మారుతుంది, బోర్డులు కన్నడంలోకి మారతాయి, బస్సులో మాటలు మాత్రం తెలుగులోనే సాగుతాయి. పావగడ చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి సోలార్ పార్కు ఊళ్లకు పోయే సర్కారు బస్సు పదకొండింటికి. కండక్టరు ఆడవాళ్ల ఆధార్ కార్డులు చూసి ఉచిత టికెట్లు ఇస్తున్నాడు. నేను డబ్బులు తీయడం చూసి పక్క సీటు పెద్దావిడ నవ్వింది. "మొగోళ్లకు ఇదొక్కటే నష్టం ల్యాప్పా. యాడికి?"

చెప్పాను.

"ఫుట్‌బాల్ ఇస్కూలుకా? మా మనవరాలు ఆడనే చదివింది. ఇప్పుడు తుమకూరు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండాది. మా కాలంలో ఆడుకుంటే దెబ్బలు పడేవి, దీనికి తిండి పెట్టి ఆడిస్తాండారు."

ఆ ఊరి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఆ బడి పీటీ మేష్ట్రు నరసింహప్పగారు వద్దన్నారు, ఎందుకో ముందుముందు తెలుస్తుంది. వెళ్లదలచుకున్నవాళ్లు పావగడ బస్టాండులో ఫుట్‌బాల్ ఇస్కూలు అని అడిగితే చాలు. వల్లూరు దాటాక ఇంకొంత దూరం. అప్పటికే రోడ్డుకు రెండు పక్కలా చేలు పోయి ప్యానెళ్లు మొదలవుతాయి. వాటి కంచెల బయట గొర్రెల మందలు, లోపల గొట్టాలతో ప్యానెళ్లు కడిగే మనుషులు.

మధ్యాహ్నం మేష్ట్రుగారింట్లోనే భోజనం పెట్టారు. రాగిముద్ద, చెనిక్కాయల చట్నీ. ఆయన సొంతూరు బలసముద్రం. మనిషి సన్నగా ఉంటారు, మెడలో విజిల్ భోజనం దగ్గర కూడా తీయరు. బడి కథ తింటూ చెప్పారు.

"నేను వచ్చినప్పుడు ఇదంతా చెనిక్కాయ చేను సార్. కాయ పీకినాక ఖాళీ చేలో ఆడేటోళ్లం. ఉండేది ఒకే బాలు. సర్కారు తుమ్మ ముండ్లకు ఎప్పుడు చూసినా పంక్చరే. సైకిల్ షాపులో అతుకులేసి అతుకులేసి, అది ఒక పక్కకే దొర్లేది. ఆ సంవత్సరం మాకంటే సైకిల్ షాపాయనే బాగుపడినాడు."

తొలి ఏడాది తాలూకా పోటీల్లో మొదటి ఆటలోనే ఇంటికొచ్చారు. తర్వాత చేలన్నీ సోలార్‌కు లీజుకు పోయాయి. బడి వెనక కంచెను ఆనుకుని పొడుగ్గా, సన్నగా ఒక ముక్క మిగిలింది. అదీ ప్లాంటువాళ్ల లీజులోదే, ప్యానెళ్లు వేయలేదు గనక పిల్లల్ని ఆడుకోనిచ్చారు. బంతి రోజూ కంచె దాటేది. ఒకనాడు ప్యానెల్ పగిలింది. కొట్టింది అప్పటి కెప్టెన్ గంగాధర. ప్లాంటు ఇంజనీరు వచ్చి ఆట మానేయమన్నాడు. మేష్ట్రు బతిమాలి ఒక మాటిచ్చారు: ఇకమీదట బంతి కంచె దాటదు, దాటితే ఆ రోజే గ్రౌండు మేమే వదిలేస్తాం. కాగితం లేదు, సంతకం లేదు. ఊరి పేరు వద్దనడం అందుకే. పై ఆఫీసులో ఎవరైనా చదివితే కాగితం ఏదంటారు.

మాట నిలబెట్టుకోవడానికి ఆయన ఒక రూలు పెట్టారు. ప్రాక్టీసులో బంతి మోకాలికి పైన లేచిందా, లేపినవాళ్లు ఆ పూటకు గీత బయట కూర్చోవాలి. "మొదట్లో ఆడేటోళ్లకంటే కూచున్నోళ్లే ఎక్కువ," అన్నారు. నెలలు గడిచేసరికి పిల్లలకు పొట్టి పాసులు తప్ప వేరే ఆట లేకుండా పోయింది. అదే వాళ్ల బలమైంది. తాలూకా గెలిచారు, జిల్లా గెలిచారు, డివిజన్‌కు వెళ్లారు. పోయిన ఏడాది ఆడపిల్లలు రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా పోయారు. అక్కడ వాన పడింది. బురదలో బంతి దొర్లలేదు, ఓడిపోయారు. హెడ్‌మాస్టరు గదిలో కప్పుల పక్కన ఆ జట్టు ఫొటో ఉంది. అందరి మోకాళ్ల దాకా బురదే. "ఓడిన ఫొటో ఎందుకు పెట్టారు?" అన్నాను. "మా ఊరోళ్లకు వాన ఎట్లుంటుందో చూపిచ్చేదానికి," అన్నారు మేష్ట్రు.

నాలుగున్నరకు ప్రాక్టీసు. గోల్ స్తంభాలు రెండు వైపులా వెదురు బొంగులు. కెప్టెన్ శిల్ప, ఎస్సెల్సీ చదువుతోంది, అంటే మన పదో తరగతి. మరుసటి వారమే తాలూకా పోటీలు. మంజునాథ చెప్పింది సాకు కాదు. బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి చప్పుడు లేకుండా పాకుతోంది. ఒకమ్మాయి కాలి నుంచి బంతి మోకాలి పైకి లేచిందో లేదో అన్నట్టు లేస్తే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి గీత బయట కూర్చుంది.

అప్పటికి లెఫ్ట్ వింగ్ సంగతి ముగ్గురికి చెప్పాను. శిల్ప నాలుగోది. "అయితే ఒక పాస్ ఇస్తా, తిరిగి ఇయ్యండి సార్," అంది. మేష్ట్రు పక్క నుంచి, "నేల మీదనే సార్," అన్నారు. "నాకు తెలుసండీ," అన్నాను.

బంతి వచ్చింది. నా తోలు బూటు ముక్కు దాని కిందికి పోయింది. అది లేచి, కంచె మీదుగా పోయి, లోపల ఎక్కడో పడింది. గాజు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

ఆడపిల్లలందరూ ఉన్నచోటే కూర్చున్నారు. మేష్ట్రు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదలేదు.

కాసేపటికి కంచె అవతల మోటార్ సైకిల్ మీద సెక్యూరిటీ మనిషి వచ్చాడు, చంకలో బంతి. మొదటి ప్యానెల్ పగలగొట్టిన గంగాధర ఈయనే. ఇప్పుడు ఆ ప్యానెళ్లకే కాపలా.

"ఎవురు కొట్టింది?"

చెప్పాల్సింది నేను. నోరు పెగల్లేదు. ఇంత వయసులో పిల్లల ముందు చిన్నబోవడం ఎలాగని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఈలోగా శిల్ప లేచింది. "నేనేనన్నా."

"నువ్వు కాదులే. నీ కాలికి అంత పొగరు యాడిది?" అని గంగాధర నా బూట్ల వైపు చూశాడు.

"నేను కొట్టాను," అన్నాను. అప్పటికి ఆలస్యమైంది. ఆ పిల్ల నా బదులు ఒకసారి తప్పు ఒప్పుకుంది. దాన్ని నేనిక వెనక్కి తీసుకోలేను.

"ఇంజనీరుకు చెప్పకుంటే నా ఉద్యోగం పోతాది మేష్ట్రే," అన్నాడు గంగాధర.

"చెప్పప్పా. మాట నేనిచ్చింది." మేష్ట్రు వెళ్లి మొదటి బొంగు పీకారు.

పిల్లలు మిగతావి పీకారు. వచ్చే వారం పోటీ ఎట్లని శిల్ప అడిగితే, ఎండిన చెరువులో ఆడదామన్నారు. "చెరువంతా ముండ్లు మేష్ట్రే," అంది. కంచె పొడుగునా ఎత్తుగా వల కట్టించడానికి ఎంతైనా నేను పెట్టుకుంటానన్నాను. తప్పు ఒప్పుకోవడం కంటే డబ్బులివ్వడం నాకెప్పుడూ సులువు. శిల్ప తల అడ్డంగా ఊపింది. "వల వద్దు సార్. వలుంటే మేమూ పైకి కొడతాం. అప్పుడు అందరి మాదిరే ఆడతాం."

ఆ రాత్రి మేష్ట్రుగారింట్లోనే పడుకున్నాను.

శనివారం తొమ్మిదింటికి ప్లాంటు ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరు విజయవాడ వైపు కుర్రాడు. జరిగింది నేనే చెప్పాను, శిల్ప లేచి నిలబడ్డ సంగతి కూడా. ప్యానెల్ ఖరీదు ఇస్తానన్నాను. అది పెద్ద విషయం కాదన్నాడు. "మాట పిల్లల గురించి కదండీ. ఈయన పిల్లాడు కాదుగా, వదిలేద్దాం," అన్నాడు.

"నా గ్రౌండులో జరిగింది. వదిలేస్తే రేపు ఇంకొకరి కోసం వదలాల," అన్నారు మేష్ట్రు. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. దారి చూపిస్తే పట్టుకోరేం అనిపించింది.

తలుపు దగ్గర నిలబడిన గంగాధర గొంతు సవరించుకున్నాడు. "మేష్ట్రే, మన రూలేంది? లేపినోడు కూచోవాల. నన్నెన్ని దినాలు కూచోబెట్టినావు? ఈయన్ని కూచోబెట్టు. పిల్లలేం చేసినారు?"

ఇంజనీరు నవ్వాడు. మేష్ట్రు నవ్వలేదు, ఆలోచించారు. చివరికి, "ఈ పూటకు కాదు, ఎప్పటికీ," అన్నారు. ఇంజనీరు ఇంకొకటి కలిపాడు: బయటివాళ్లెవరూ గీత లోపలికి రాకూడదు. నా పుణ్యాన ఆ బడికి కొత్త రూలు వచ్చింది.

పది దాటాక బొంగులు మళ్లీ పాతారు. నేను గీత బయట నేల మీద కూర్చున్నాను. ఒకసారి బంతి దొర్లుకుంటూ నా దగ్గరికే వచ్చింది. కాళ్లు ముడుచుకుని, చేత్తో తీసి ఇచ్చాను. "హ్యాండ్‌బాల్," అంది ఎవరో. అందరూ నవ్వారు, శిల్ప కూడా. నా బదులు లేచి నిలబడినందుకు ఆ పిల్లకు ఏదో చెప్పాలనుకున్నాను. "సారీ అమ్మా," అని మాత్రం వచ్చింది. "బూట్లు మార్చండి సార్," అని పరుగెత్తింది.

తిరుగు బస్సు ఒంటిగంటకు. మీరు వెళితే సాయంత్రానికి అక్కడ ఉండేలా వెళ్లండి, రాత్రికి పావగడలో లాడ్జీలున్నాయి. ఆట చూడండి. అంత తక్కువ చోటులో అంత ఆట నేనెక్కడా చూడలేదు. గీత బయట కూర్చోండి.

బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సీట్లో ఉన్న రైతొకాయన నా సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎక్కడి నుంచి వస్తున్నానని అడిగాడు. చెప్పాను.

"నిన్న ఆడ ఎవురో ముసలాయన ప్యానెల్ పగలగొట్టినాడంట. అడిగితే నోరు తెరవలేదంట, పాపం ఆ పిల్ల ముందుకొచ్చినాదంట. మీరుండారా అప్పుడు?"

"నేనేనప్పా," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు, బూట్లు చూశాడు. పక్కకు జరిగి కొంచెం చోటు చేశాడు. "సరే, కూచోండి. మేష్ట్రు కూచోబెట్టినాడంట కదా."

పావగడ దాకా కూర్చునే వచ్చాను.