మైలలో ఉన్న మగ్గం

2023 వానాకాలం. వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు కిటికీ పక్కన కూర్చుంటే, కాడుగోడి వైపు పోయే రైళ్ల చప్పుడు వానలో నాని, నిద్రలో విన్నట్టు మెత్తగా వచ్చేది. పట్టుచీరల కోసం నడిచే ఒక బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌కి నేను అడ్మిన్‌ని. అందులో ప్రతి చేతిమగ్గానికీ ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న చీరనే అంగళ్లవాళ్లు నమ్మి కొంటారు.

అందులోకి కొత్త స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే ఒకసారి ఎక్కిస్తే తనంతట తానే అమలయ్యే నిబంధన, రావాలంటే పట్టుదారం తీసేవాళ్లు, నేతగాళ్లు, అంగళ్లవాళ్లు, ముగ్గురి ప్రతినిధులూ ఫోన్‌లో సరేననాలి. దీన్నే డిప్లాయ్‌మెంట్ పర్మిషన్ అంటాం. ఆ పర్మిషన్ ఎవరికి ఉండాలో చూసే పని నాది. గొప్పగా చెప్పుకునే పనేం కాదు గానీ, నాకిష్టం.

ఆ నెలలో వచ్చిన నిబంధన చిన్నదే. వరసగా పదిరోజులు నేత జరగని మగ్గం ముద్ర శాశ్వతంగా రద్దు. మూతపడ్డ మగ్గాల పేరు చెప్పి మిల్లు చీరలు అంటగడుతున్నారని అంగళ్లవాళ్ల గోల. ఇద్దరు సరేనన్నారు. నేతగాళ్ల పెద్ద నారాయణప్ప నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆయన అన్న పోయాడని తర్వాత తెలిసింది.

పెళ్లిళ్ల సీజన్ ముంచుకొస్తోందని మా మేనేజర్ కిరణ్ కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. "ఆయన పర్మిషన్ రిమూవ్ చేసెయ్. డిప్లాయ్ అయ్యాక మళ్లీ యాడ్ చేద్దాం," అన్నాడు. అది నాకు చిటికెలో పని. కానీ చావింట్లో ఉన్న మనిషిని చెప్పకుండా తీసెయ్యడానికి మనసొప్పలేదు. చెప్పి వస్తానని బయల్దేరాను.

నేతగాళ్లుండే పాతపేటలో సన్నటి తుంపర. సందు పొడుగునా మగ్గాల చప్పుడు వింటూ, ఎటు నడుస్తున్నానో కూడా మరిచి నడిచాను. ఒక్క ఇంటి ముందు ఆ చప్పుడు లేదు. అదే నారాయణప్ప ఇల్లు. లోపల ఆయన అన్న మగ్గం మీద తెల్లగుడ్డ కప్పారు. గుడ్డ కింద సగం నేసిన మామిడిపండు రంగు చీర అంచు కనబడుతోంది. పక్కనే పోయినాయన భార్య, నారాయణప్ప వదిన లక్ష్మమ్మ గోడకానుకుని కూర్చుంది. ఆ గదిలో కాలం కూడా మైల పాటిస్తున్నట్టు అనిపించింది.

"మైలలో మగ్గం ముట్టేది లేదమ్మా. ఫోన్లో ఒత్తేది కూడా మగ్గం పనే కదా," అన్నాడు నారాయణప్ప. "పెద్దకర్మ కానీ. ఆమీట మా వదినే దీని మీద కూర్చుంటాది. ఆమెకు ఉండేది ఇదొకటే."

అప్పుడు తట్టింది నాకు. నిబంధన ఎక్కితే మైల తీరేలోగానే ఈ మగ్గం ముద్ర పోతుంది. ఆ తర్వాత లక్ష్మమ్మ ఎంత బాగా నేసినా ఆ చీరను ఏ అంగడీ కొనదు. భయమేసింది. చెప్పడానికి వచ్చిన మాట పక్కనపెట్టి, ఆయనకు ఉన్నదున్నట్టు విడమరిచి చెప్పాను. ఆయన ఒకసారి వదిన వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"స్వల్ప తాళమ్మా, కొంచెం ఆగు. పెద్దకర్మ కాగానే నేనే చెప్తాను."

ఆయన పర్మిషన్ తీయనని చెబితే కిరణ్ నాతో మాట్లాడటం మానేశాడు. పెద్దకర్మ అయిన మర్నాడు నారాయణప్ప ఫోన్‌లో "వద్దు" అని ఒత్తాడు. మైల అని తెలియజేసిన మగ్గాల జోలికి పోకుండా నిబంధనను మళ్లీ రాశాం. ఈసారి ముగ్గురూ సరేనన్నారు. లక్ష్మమ్మ ఆ మామిడిపండు రంగు చీరను తనే పూర్తిచేసిందట.

ఇప్పుడు కూడా ముగ్గురిలో ఒకరి జవాబు రాకపోతే నేను ఫోన్ చేస్తాను. ఆలస్యమెందుకైందని అడగను. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాను.