మామగారి ఆయాసం దాచమన్నారు

మా ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన పోయాక, అమెరికాలో మేముండే ఈ నేపర్‌విల్‌లో పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది, తెచ్చిన టిఫిన్ డబ్బా బల్ల మీద పెడుతూనే, "అంకుల్ చాటుగా తాగేవారేమో ఆంటీ" అన్నారు. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఆయనకు చాటెక్కడిది?

నాకు చదువు లేదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో "ఇది వద్దులే అమ్మా" అంటోంది. వద్దన్నవే ముందు రాయమన్నాను.

రెండువేల మూడులో మమ్మల్ని ఇక్కడికి రప్పించింది మా బావగారు, ఆయన అన్నయ్య. ఆ మేలు కాదనను. బావగారు ఇంజనీరు. మా ఆయన కిరాణా కొట్టు వెనక బస్తాలు దించేవారు. నేను ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేదాన్ని. కొన్నేళ్లకు మా ఆయనకు పొడిదగ్గు పట్టుకుంది. పది మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడిపోయేవారు. ఆస్పత్రిలో కాగితాలు నింపింది బావగారే. ఇంట్లో ఇంకెవరికైనా ఊపిరితిత్తుల జబ్బు ఉందా అన్నచోట లేదని పెట్టారు. మా మామగారు అదే దగ్గుతో, అదే ఆయాసంతో అరవై నిండకుండానే పోయారు. మామగారి అక్కగారూ అంతే. తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను.

"మామగారి సంగతి చెప్పలేదేం బావగారూ?"

"మా పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. వంశంలో రోగం ఉందని నా చేత్తో నేనే రికార్డులోకి ఎక్కించనా? నువ్వు నోరు మూసుకుని కూర్చో."

కూర్చున్నాను. నా బతుకులో నేను సిగ్గుపడే పని అదొక్కటే.

మూడేళ్లపాటు డాక్టర్లు బస్తాల దుమ్ము అనుకున్నారు, పాత నిమోనియా అనుకున్నారు. చివరికి ఒక లేడీ డాక్టరు మాట మార్చి చెప్పే తెలుగు మనిషిని ఫోన్‌లో పెట్టించి నన్నే అడిగింది. ఆ రోజు బావగారికి ఆఫీసులో మీటింగ్. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఊపిరితిత్తుల లోపలి గోడలో కొన్ని కణాలు ఉంటాయట. గాలిగదులు ముడుచుకుపోకుండా ఒక పూత తయారుచేయడం వాటి పని. ఆ పూతలోకి వెళ్లాల్సిన ప్రోటీన్లు సరిగ్గా మడతపడితేనే బయటికి వెళతాయి. కొన్ని కుటుంబాల్లో, మా అత్తవారింట్లోలాగా, తరతరాలుగా అవి తప్పుగా మడతపడతాయి. కణం వాటిని బయటికి పంపలేక లోపలే పోగేసుకుంటుంది.

నాకు మా లాండ్రీ బల్ల కళ్ల ముందు కనిపించింది. "మా ఫిట్టెడ్ షీట్లు, పరుపుకి తొడిగే ఆ దుప్పట్లలాగే అని డాక్టరమ్మతో చెప్పండి" అన్నాను ఫోన్‌లోని మనిషితో. "మూలలు కుదరకపోతే అలమారాలోకి పోనివ్వరు. బల్ల మీద గుట్ట పడిపోతుంది. బట్టలారబెట్టే డ్రయ్యర్ మాత్రం ఇంకా దుప్పట్లు కక్కుతూనే ఉంటుంది. అప్పుడు డ్రయ్యర్ ఆపుతారు, మడతకి ఇంకో ఇద్దర్ని పిలుస్తారు, పనికిరానివాటిని పీలికల్లో పడేస్తారు. అప్పటికీ గుట్ట తగ్గలేదనుకోండి, షిఫ్టే మూసేస్తారు."

అది ఇంగ్లీషులో విని డాక్టరమ్మ పెద్దగా నవ్వింది. కణమూ సరిగ్గా అదే చేస్తుందంది. తయారీ తగ్గిస్తుంది, మడతకు సాయం తెచ్చుకుంటుంది, చెడ్డవాటిని పారేస్తుంది, తట్టుకోలేకపోతే తనే చచ్చిపోతుంది. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగితే ఊపిరితిత్తి గట్టిపడి సాగదు. పొగ, దుమ్ము, వయసు ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి. డాక్టర్లకు తెలియనిది ఇంకా చాలా ఉంది అని కూడా అంది. కట్టిన మచ్చ మాత్రం వెనక్కి పోదు.

ఏడు నెలలకు ఆయన పోయారు.

మా అమ్మాయిని వెంటనే చూపించాను. దాని సంగతి అది చెప్పుకోవాలి, నేను చెప్పను.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం బావగారింట్లో కాఫీ తాగుతున్నాం. కప్పు పట్టుకున్న ఆయన వేళ్లు చూశాను. గోళ్లు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. మా ఆయనకూ ముందు గోళ్లే అలా ఉబ్బాయి. అంతలోనే దగ్గారు. ఆ పొడిదగ్గును నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను.

"బావగారూ, డాక్టరు దగ్గరికి వెళ్లండి. మామగారి సంగతి చెప్పండి."

"ఎలర్జీ అది. పుప్పొడి పడదు నాకు."

"జనవరిలో పుప్పొడా? కిటికీ బయట మంచు మోకాలి లోతున ఉంది."

మా తోడికోడలు గరిటె పక్కన పెట్టి వంటింట్లోంచి వచ్చింది. బావగారు లేచారు.

"వచ్చే నెల పిల్లని చూడ్డానికి వస్తున్నారు. పోయినవాడు ఎలాగూ పోయాడు. నువ్వు మా ఇంటి మీద పడకు."

"మీ తమ్ముడు పోయింది మీరు లేదని పెట్టిన కాగితంతోనే. ఆయన్ని బతికించేవాళ్లో లేదో నాకు తెలియదు. మూడేళ్లు మాత్రం తప్పు తోవలో తిప్పారు. ఇప్పుడు మిమ్మల్ని కూడా పంపమంటారా?"

"ముందు బయటికి నడువు!"

"నడవను. మీరు కోటు వేసుకోండి, అప్పుడు నడుస్తాను."

ఈ గొడవకి మేడమీంచి వాళ్లమ్మాయి దిగివచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల.

"పిన్నీ, వాట్ హ్యాపెన్డ్? తాతకి ఏం డిసీజ్?"

చెప్పాను. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"డాడీ, ఇది నాకూ ఉండచ్చా? మీకు తెలుసు, కానీ నాకు చెప్పలేదు?"

"నీ పెళ్లి కోసమేరా కన్నా."

"పెళ్లికి ఊపిరి కావాలి కదా డాడీ! ఆ అబ్బాయికి నేనే కాల్ చేసి చెప్తా. వద్దంటే వద్దు. రేపు అపాయింట్‌మెంట్ బుక్ చేస్తున్నా. మీరు వస్తున్నారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు రావడం నేను చూసింది అదే మొదలు.

స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల అడుగున సన్నగా మచ్చలు కనిపించాయి. తొందరగానే వచ్చారన్నారు. ఈమధ్యే వచ్చిన కొత్త మందు వాడుతున్నారు. అది మచ్చని పోగొట్టదు, నిదానం చేస్తుందట. పెళ్లివాళ్లు ఆలోచించి చెబుతామన్నారు, ఇంతవరకూ ఫోన్ లేదు. నలుగురు కలిసిన చోట ఆడవాళ్లు నన్ను చూసి, సంబంధం చెడగొట్టిన మనిషి అని గుసగుసలాడుతున్నారు. గుసగుసలెందుకు, గట్టిగానే అనండి. చెడగొట్టాను.

బావగారు నాతో మాట్లాడటం లేదు. మానెయ్యనివ్వండి. ఇంకో ఇరవై ఏళ్లు అలాగే, కుర్చీలో కూర్చుని, నా వంక చూడకుండా ఉండనివ్వండి.