డోర్లా బండికి ఎర్ర దీపం

డోర్లా విక్‌స్ట్రామ్ మా ఎడారి ఊరు ఈలీలో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. గొర్రెల ఫారాల మీదుగా ఊళ్లోకి నలభై రెండు మైళ్ల చుట్టు. ఆ బస్సులో నేనూ ఆరేళ్లు ప్రయాణం చేశాను. మంచు పడుతున్నా సరే, గాలి కొలిచే మీటరు పట్టుకుని ఆరు టైర్ల దగ్గరా వంగి లేచాకే స్టీరింగు ముందు కూర్చునేది. ఇంజను హోరుకు ఆమె ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. యాభై ఎనిమిదో ఏట ఉద్యోగం మానేసి, ఆ వారమే దూర ప్రయాణాల మోటారుసైకిలు ఒకటి కొనుక్కుంది.

“ఇన్నాళ్లూ ఒకే చుట్టు తిరిగాను. ఇక తిన్నగా పోతాను,” అంది.

పోయిన సెప్టెంబరులో ఆ పోవడమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. మాకు పడమటగా ఉన్న చిన్న ఊరు ఆస్టిన్ దగ్గర కొండ మలుపులో బండి వెనక భాగం ఒక్కసారిగా ఊగిపోయింది. ఎలాగో నిలదొక్కుకుని దిగి చూస్తే వెనక టైరులో గాలి సగమే ఉంది. ఎక్కడో మేకు దిగింది. ఎంతసేపటి నుంచి గాలి పోతోందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు బండిని ట్రక్కు మీద వేయించుకుని నా టైర్ల షాపుకు వచ్చింది.

“లైల్, నిన్న పొద్దున్న నేను కొలిస్తే గాలి నలభై ఒక్క పాయింట్లు ఉందిరా. మధ్యాహ్నానికి ఇరవై. దార్లో ఉండగానే చెప్పేది కావాలి నాకు.”

“ఉన్నాయి, మిస్ డోర్లా,” అని మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాను. ఒకటి టైరు లోపల బిగించేది. రెండోది వాల్వు మూతకు బదులుగా తిప్పి పెట్టుకునే బిళ్ల, దాని అంకెలు ఫోనులో కనిపిస్తాయి. మూడోదీ బిళ్లే, కానీ హ్యాండిలుకు తగిలించుకునే తెర దాంతోపాటే వస్తుంది. నేను రెండోదాన్ని తెగ పొగిడాను. “గాలి తగ్గిందంటే ఫోను గట్టిగా కూస్తుంది చూడండి!”

“ఎవరికి కూస్తుంది?” అంది ఆమె.

సిగ్గుపడి ఆ బిళ్లను పక్కకు నెట్టేశాను. చిన్నప్పటి నుంచీ ఆమె ముందుకు వెళ్లి నిలబడి, పెదాలు కనిపించేలా మాట్లాడినవాణ్ణి. అదే మరిచిపోయాను.

కాఫీ కప్పుతో మూల కూర్చున్న డెల్మర్ క్రౌచ్ పగలబడి నవ్వాడు. అరవై దాటిన గొర్రెల రైతు, నలభై ఏళ్లుగా మోటారుసైకిలు మీద తిరుగుతున్నవాడు. “ఈ బొమ్మలన్నీ ఎందుకు డోర్లా? బూటుతో ఒక్క తన్ను తంతే గాలి ఎంతుందో నేను చెప్పేస్తాను.”

“బయటే ఉందిగా నీ బండి. పద, తన్ను.”

తన్నాడు. “ముప్పై ఎనిమిది,” అన్నాడు. డోర్లా వంగి మీటరు పెట్టింది. ఇరవై ఏడు!

“నీ బూటుకు కూడా చెవుడొచ్చినట్టుంది, డెల్మర్,” అంది.

తర్వాత లోపలి రకం చేతిలోకి తీసుకుంది. “దీని బ్యాటరీ అయిపోతే?”

“టైరు ఊడదీసి కొత్తది పెట్టాలి.”

“అంటే ఎడారిలో నీకోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. వద్దు.”

“బయటి బిళ్లల్ని ఎవరైనా కొట్టేస్తే?” అన్నాను.

“ఈ ఊళ్లో నా బండి ముట్టుకునే ధైర్యం ఎవడికిరా? సగం మంది నా బస్సులో ఏడ్చినవాళ్లే.”

మూడోదాని తెర పట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని, నల్లద్దాలు పెట్టుకుని నడి ఎండలోకి వెళ్లింది. అంకెలు పెద్దవి. గాలి తగ్గగానే పక్కన ఎర్ర దీపం టపటపా వెలిగి ఆరుతుంది. చేతి తొడుగులతోనే మీటలు నొక్కి చూసింది. వెనక్కి వచ్చాక బిళ్లను అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

“నా వాల్వులు రబ్బరువి. చక్రం జోరుగా తిరిగేటప్పుడు ఇంత బరువుంటే వంగిపోవా?”

వంగుతాయి. ఒక్కోసారి మొదలు దగ్గర చిట్లుతాయి కూడా. ఆ సంగతి తెలిసీ నాలుగేళ్లుగా అడిగినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. ఆ రోజు ఆమె బండికి ఇత్తడి వాల్వులు వేసి, వాటి మీద బిళ్లలు బిగించాను. దాంతో వచ్చిన కాగితంలో వెనక టైరు ముప్పై ఒకటికి దిగితే దీపం వెలిగేలా పెట్టుకోమని ఉంది. ఆమె ఒప్పుకోలేదు.

“ముప్పై ఆరుకే వెలగాలి. నాకు ముందే తెలియాలి.”

అక్టోబరు చలికి తెల్లవారుజామున ఊరికే వెలిగిందని రెండుసార్లు వచ్చింది. రెండోసారి తనే నవ్వేసింది. “చలికి గాలి ముడుచుకుంటుంది. బస్సు టైర్లూ ఇంతే చేసేవి. దీని తప్పేం లేదు,” అని చల్లగా ఉన్నప్పుడే మళ్లీ నలభై ఒకటికి కొట్టుకుంది.

జూన్‌లో పసిఫిక్ సముద్రం చూడడానికి బయలుదేరింది. దార్లో మొదట వచ్చే ఊరు యురేకా దాకా తోడొస్తానని డెల్మర్ తన బండి మీద ముందు వెళ్లాడు. ఊరు దాటి ముప్పై మైళ్లు వెళ్లాక ఎర్ర దీపం వెలిగింది. ముప్పై ఐదు. కాసేపటికి ముప్పై మూడు. డోర్లా బ్రేకు నొక్కలేదు, కంగారుపడలేదు. మెల్లగా వేగం తగ్గించి రోడ్డు పక్క కంకర మీదికి దించేసరికి ముప్పై. బండి అప్పటికి ఇంకా తిన్నగానే నడుస్తోంది.

డెల్మర్ నాలుగు మైళ్లు పోయాక అద్దంలో ఆమె కనబడక వెనక్కి తిరిగి వచ్చాడు. అప్పటికే ఆమె వెనక టైరులోంచి కంచె తీగకు కొట్టే వంకీ మేకు లాగేసి, ఆ చిల్లులోకి జిగురు రబ్బరు తాడు దూరుస్తోంది.

“ఏమైంది? నాకేం తెలియలేదే!” అన్నాడు.

మేకు అతని చేతిలో పెట్టింది. “నీ కంచెదేనా చూడు.”

అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “ఊగిందా బండి?”

“ఊగేదాకా ఎందుకు ఆగుతాను?”

చిన్న పంపు బ్యాటరీకి తగిలించి నలభై ఒకటికి గాలి కొట్టింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ పావుగంట కూర్చున్నారు. అంకె కదల్లేదు. యురేకాలో హాంబర్గర్లు డెల్మరే ఇప్పించాడు. డోర్లా మెసేజ్ పెడితే నేను అక్కడున్న టైరువాడికి ఫోన్ చేసి చెప్పాను. అతను టైరు ఊడదీసి, లోపలి నుంచి అతుకు వేసి పంపాడు. డెల్మర్ అక్కడి నుంచే ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం ఫాలన్ చేరాక డోర్లా నుంచి నాకు మెసేజ్ వచ్చింది: “ముందు టైరు ముప్పై ఏడు, వెనకది నలభై రెండు. రేపు సముద్రం వైపు కొండ దాటుతున్నా.”