పలివెలలో చేపలకు ఊపిరి పోసిన ఉదయం

సెప్టెంబరు 15, సోమవారం, తెల్లవారుజామున 4.20కి పలివెల నుంచి మా చెల్లెలు సుబ్బలక్ష్మి ఫోను చేసింది. "అక్కా, చెరువు పచ్చబడిపోయింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి." అవి తను మొదటిసారి సొంతంగా పెంచుకున్న చేపలు. పట్టుబడి వచ్చే ఆదివారమే.

అమలాపురంలో 4.55కి రావులపాలెం బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు గానీ ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకోవాలి, మరవకండి. పక్క సీట్లో పూలబుట్టావిడ నా కంగారు విని, "నీళ్ళు పచ్చగా ఉంటే చేపలకి మేత పుష్కలమే కదండీ?" అంది.

"మేతకేం లోటు లేదమ్మా, గాలే లేదు. ఆ పచ్చదనమంతా పాచే, రాత్రిపూట నీళ్ళలో ఉన్న గాలంతా అదే పీల్చేస్తుంది."

5.40కి దిగాను. చెరువులో పచ్చరంగు కలిపినట్టుంది. చెల్లెలి భర్త, మా మరిది సత్తిబాబు గట్టు మీద తల గోక్కుంటున్నాడు.

"వరికి యూరియా ఎప్పుడు చల్లావు?"

"పోయిన సోమవారమండీ వదినగారూ. మర్నాడే కాలవలో వంతు నీళ్ళొచ్చేయండి. పైచేనోళ్ళు మా చేలోకి వదిలేరు. గట్టు తెగుద్దని నేను మురుగు బోదెలోకి గండి పెట్టేను."

"మరి చెరువులోకి నీళ్ళెక్కణ్ణుంచి?"

"ఆ బోదె నుంచేనండీ, ఆయ్."

చెల్లెలు ఊరుకుంటుందా! "వరికని చెప్పి పాచికి వడ్డించేరన్నమాట!"

ముందు బోదె తూము మూయించాను. కాలవ నీళ్ళు తోడే ఇంజను రావడానికి గంట పైనే పడుతుందన్నారు. అంతవరకూ నీళ్ళను చిలికి గాలి ఎక్కించాలి. తలో కొబ్బరి మట్టా పట్టుకుని దిగిపోయాం. వీధి వీధంతా వచ్చేసింది. డెబ్భై రెండేళ్ళ నేను మోకాలి లోతులో నిలబడి బాదుతుంటే ఎదురింటి వీరమ్మ, "అమ్మగారూ, నీళ్ళనా, మరిదిగార్నా కొడుతున్నారు?" అంది. సత్తిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. నవ్వలేక చచ్చాం.

7.10కి ఇంజను గొట్టంలోంచి తెల్లగా నీళ్ళు దూకాయి. ఎండెక్కేకొద్దీ చేపలు ఒక్కొక్కటీ లోపలికి దిగాయి. ఆఖరిది మునగ్గానే చెల్లెలు ఈల వేసింది. దానికి ఈల వచ్చని ఇన్నేళ్ళలో నాకు తెలీదు.

తొమ్మిదింటికి తడిచీరలతోనే అరుగు మీద పెసరట్లు, అల్లప్పచ్చడి. ఇంత రుచి ఏ హోటల్లోనూ ఎరగను.

తిరుగు బస్సు 2.15కి. దారి పొడుగునా చేలు ముదురు పచ్చ, పక్కన బోదెలూ పచ్చే. మొన్నటిదాకా ఆ రంగు కళ్ళకు హాయి. ఈసారి ఏ చేలో గండి ఉందా అని చూసుకుంటూ వచ్చాను. అయినా మనసంతా ఆ ఈలే. అటు వెళ్ళేవారు మారుచీర పెట్టుకోండి.

పోయినవి: చేపల్లో బొచ్చెలు రెండు, శీలావతులు తొమ్మిది, యూరియా ఒక బస్తా, నా ఎడమకాలి చెప్పు.