కాయ కొట్టే ముందు కాదనేవాళ్లు

డీజిలు పొగ, తడిసిన రాతి పిండి, అప్పుడే వెలిగించిన కర్పూరం. ఈ మూడూ కలిసిన వాసన తగిలితే చాలు, నాకు వసుంధర మేడం గుర్తుకొస్తారు. ఈ ఉదయం బీదర్ జిల్లా హళ్ళిఖేడ్ (బి) దగ్గర ఒక చెరకు చేనులో, బోరుబండి పక్కన నిలబడి ఉన్నాను. చేను యజమాని కొబ్బరికాయకు పసుపు రాసి నా చేతికిచ్చాడు. బోరు ఎక్కడ వేయాలో చెప్పిన మనిషి చేతనే కాయ కొట్టించడం ఇక్కడి రైతుల ఆనవాయితీ. మేడం పోయి రెండేళ్లవుతోంది. అయినా కాయ చేతిలోకి వచ్చినప్పుడల్లా ఆవిడ గొంతు పక్కనే వినబడుతుంది.

జహీరాబాద్ వైపు నుంచి వచ్చి బీదర్‌లో స్థిరపడ్డ మనిషి ఆవిడ. చౌబారా గడియారస్తంభం దగ్గర ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు. నేలలో ఇనుప మేకులు దిగగొట్టి, కరెంటు పంపి, మీటరు చూసి, నీళ్లు ఎక్కడ ఉండొచ్చో రైతులకు చెప్పడం పని. డిగ్రీ కాగానే నేను అక్కడ చేరాను. తెలిసింది గోరంత, నోరు కొండంత. మేడం ఏ రైతుకూ నీళ్లు తప్పకుండా పడతాయని చెప్పకపోవడం నాకు నచ్చేది కాదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది లేచి నిలబడ్డ చోట గంగమ్మ ఉందనేవాళ్లు ఎంత ధీమాగా చెబుతారు! ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"గ్యారంటీ మనమూ ఇయ్యకపాయె. ఇగ కాయ పట్టుకొని తిరిగేటాయనకు, మనకు ఫరక్ ఏమున్నది మేడం?"

ఆవిడకు కోపం రాలేదు. "ఆయన మాట తప్పని ఎట్ల తెలుసుకోవాల్నో ఆయన చెప్పడు. నీళ్లు పడకపోతే మైల తగిలిందంటడు, ముహూర్తం మంచిగ లేదంటడు. ఆయన ఎన్నడూ ఓడడు. నేను ఎట్ల ఓడుతనో ముందుగాలనే చెప్పి పెడత. గదే ఫరక్," అన్నారు. నాకది మాటకారితనంలా అనిపించింది. కుశనూరు వెళ్లేదాకా అలాగే అనుకున్నాను.

కుశనూరులో మల్లయ్య అని, తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగు రైతు. కాయ పట్టేవాళ్ల మాట మీద వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి. "ఇది గూడ ఎండితే చేను కౌలుకిచ్చి పట్నం పోయి వాచ్‌మెన్ పని చేసుకుంటమమ్మా," అన్నాడు. అతని భార్య చేను వైపు చూస్తూ నిలబడింది. మేడం రోజంతా కొలిచి ఒకచోట సున్నంతో గుర్తు పెట్టారు. మర్నాడు బండి వచ్చింది, మల్లయ్య కాయ తెచ్చాడు. ఆవిడ కాయ అందుకుని, కొట్టకుండా అందరి వైపూ తిరిగారు.

"ఈడ వద్దనేటోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి."

శుభమా అని కాయ కొట్టబోతూ అపశకునపు మాట అడిగి చెప్పించుకునే మనిషిని ఎవరు చూశారు? అందరూ బిత్తరపోయారు. ఆవిడ మాత్రం కదలలేదు. చివరికి మల్లయ్య బావమరిది గొంతు సవరించుకున్నాడు. "పోయినసారి ఎండిన బోరు ఈడికెల్లి దగ్గర్నే ఉన్నది గద మేడం. ఆడ లేని నీళ్లు ఈడ యాడికెల్లి వస్తయి?" మేడం కాయ నా చేతికిచ్చి, మళ్లీ మేకులు దిగగొట్టించారు. ముహూర్తం దాటిపోతాందని బండి డ్రైవరు సణుగుతున్నా వినకుండా రెండింటి మధ్య నేలంతా కొలిచారు. కింద రాయి తీరు వేరుగానే కనబడింది. అప్పుడు అందరి ముందూ ఒక మాట చెప్పారు. "రెండు వందల అడుగుల లోపల ఎర్రమట్టి పొర తగలాలె, నీళ్లుంటే దాని కిందనే ఉంటయి. తగలకపోతే నా మాట తప్పు. బండి ఆపుడే." ఆ తరువాతే కాయ కొట్టారు.

ఎర్రమట్టి తగల్లేదు. బూడిదరంగు పొడి లేచి మా అందరి నెత్తిన పడుతూనే ఉంది. రెండు వందలు దాటగానే మేడం చెయ్యెత్తారు. ఇంకో యాభై దింపుదామని డ్రైవరు, దింపమని మల్లయ్య. ఆవిడ ఒప్పుకోలేదు. "గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు పోవద్దు మల్లయ్యా. నేను చెప్పింది తప్పయింది."

మల్లయ్య కండువాతో ముఖం తుడుచుకుని, "తప్పే అయితే మరి మమ్ముల ఎందుకు నమ్మమంటిరమ్మా?" అన్నాడు. మేడం కళ్లు దించుకోలేదు. "నా మాట తప్పు. నిన్నటిదాక తెలిసినదాన్ని వట్టుకొని ఈడ తొవ్వుడు తప్పు గాదు. రెండూ ఒకటి గావు," అన్నారు.

తిరుగుదారిలో నేను ఆవిడ మీద మండిపడ్డాను. ఓడిపోయి కూడా గెలిచినట్టు మాట్లాడటం ఏమిటి? ఆవిడ జీపు పక్కకు ఆపారు. ఇంజను ఆపి నా వైపు తిరిగారు.

"నీళ్లున్నయని రుజువు జేసెటోళ్లు ఈ లోకంల లేరు సునీతా. డ్రిల్లు దిగినంకనే తెలుస్తది. గంతదాక మనం అడగాల్సింది ఒక్కటే. ఇది తప్పని చూపెట్టనీకి చేతనైనంత కొట్లాడినమా లేదా? కొట్లాడినంక గూడ నిలవడ్డదాన్ని నమ్ముడు న్యాయమే. రేపు కూలిపోతే ఇడిచిపెట్టుడు గూడ న్యాయమే."

"మన పరీక్షనే తప్పు కావొచ్చు గదా?"

"కావొచ్చు. దాన్ని గూడ అడుగు, నేను వద్దన్ననా? కానీ పొద్దుగాల బండి వస్తది. యాడనో ఒక తాన నిలవెట్టాలె."

మర్నాడు మళ్లీ కుశనూరు వెళ్లాం. అక్కడ ఎర్రమట్టి లేదంటే ఆ పొర ఎటో వంగి ఉండాలి, ఎటో వెతుకుదాం అన్నారు మేడం. పడమటి గట్టున ఇంకో గుర్తు పడింది. ముందురోజు ఆపేయడం వల్లే మల్లయ్యకు ఇంకో బోరు వేసే డబ్బు మిగిలింది. ఈసారి కాయ చేతికిస్తూ అతనే అడిగాడు, "వద్దనేటోళ్లు ఉన్నరా?" అని. నేను ఉన్నానన్నాను. మేకులన్నీ ఒకే దిక్కున దిగగొట్టాం, అడ్డంగా కూడా చూడాలన్నాను. చూస్తే గుర్తు కొంచెం జరపాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ఎర్రమట్టి, దాని వెనక తడి పిండి. ఆకాశానికి ఎగిరేంత నీళ్లేమీ కావు, సగం చేనుకు సరిపోయేవి. మల్లయ్య పట్నం పోలేదు.

అదీ ఎండిపోయి ఉంటే మేడం మాటకు విలువ పోయేదా అని చాలాకాలం ఆలోచించాను. పోయేది కాదు. మల్లయ్య పట్నం పోయేవాడు, మేమిద్దరం ఏడ్చేవాళ్లం, ఇంకో చేనుకు మళ్లీ అలాగే వెళ్లేవాళ్లం. ఇంతకన్నా గట్టి నేల నా కాళ్ల కింద ఇప్పటికీ లేదు. దీని మీదే నిలబడతాను.

"కొట్టుండ్రి మేడం, టైమైతాంది," అంటున్నాడు హళ్ళిఖేడ్ రైతు.

"వద్దనేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"చదువుకున్నోళ్లు మీరు. మేమేం చెప్తం?" అన్నాడు నవ్వుతూ. నేను కాయ పట్టుకుని ఆగాను. వెనక నుంచి అతని కోడలు నెమ్మదిగా అంది. "పక్కనే పెంటగుంత ఉన్నది గదక్కా. దాని తడికే మీ మీటరు గట్ల చూపెట్టిందేమో."

నిజం కావొచ్చు, కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ ఆలోచన రాలేదు. రైతు ముఖం చిన్నబోయింది, డ్రైవరు ఇంజను ఆపేశాడు. నేను కొబ్బరికాయను గట్టు మీద పెట్టి, మేకుల సంచి భుజానికెత్తుకున్నాను.