మెడ వరకే తీసిన ఫోటోలు

పోయిన ఆదివారం పొద్దున మా షాపు అక్క గుండె ఆగి చనిపోయిందని ఫోన్ వచ్చింది. పదహారో రోజు కర్మకు ఆమె పటం పెట్టాలి. నా దగ్గర అక్క ఫోటోలు వందల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. అందుకే ఇది ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

తిరుత్తణిలో ఫ్లెక్సు బ్యానర్లు, చనిపోయినవాళ్ళ ఫోటోతో కన్నీటి అంజలి పోస్టర్లు వేసే షాపు మాది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మగ్గం తప్ప వేరే పని తెలియని ఇంటి నుంచి వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని డిజైన్ నేర్పింది అక్క. నాకు ఇవాళ చేతిలో ఒక పని ఉందంటే ఆమె వల్లే. పూలదండలు, దీపాలు, మేఘాలు అన్నీ క్లౌడ్‌లో ఫోల్డర్లుగా సర్ది పెట్టేది. తిరువళ్ళూరు బ్రాంచివాళ్ళు తెరిచినా వెంటనే దొరకాలి. ఏడుస్తూ వచ్చినవాళ్ళను ఎదురుగా పెట్టుకొని మనం వెతుకుతూ కూర్చోకూడదు అనేది.

చనిపోయిన చిన్నపిల్లలకని ఒక ఫోల్డర్ పెడదామా అని నేనొకసారి అడిగాను.

“వద్దు పాపా. పేరు పెట్టి వాకిలి తెరిచినామంటే ఎవరో ఒకరు వచ్చేస్తారు.”

అని అక్క మళ్ళీ పూలదండల ఫోల్డర్ సర్దుకుంది.

చనిపోయిన పెద్దామెకు మంచి ఫోటో చాలా ఇళ్ళలో ఉండదు. రేషన్ కార్డులోదో, ఆసుపత్రి మంచం మీదదో తెస్తారు. ఆ ముఖం కత్తిరించి, పట్టుచీర కట్టిన వేరే ఒంటికి అతికిస్తాం. ఆ ఒళ్ళు అక్కది. ఉన్న పట్టుచీరలే మార్చి మార్చి కట్టుకొని తెల్లగోడ ముందు నిలబడేది. తీసేదాన్ని నేను.

“మెడ వరకే తీయి మే. మొగం వాళ్ళది వస్తాది గదా.”

“నవ్వొద్దు అక్కా, భుజాలు కదుల్తాండాయి.”

“చచ్చినోళ్ళ మాదిరి నిలబడమంటావా? పట్టుచీర లేకుండా బతికినోళ్ళు. పోయేటప్పుడన్నా కట్టి నవ్వుతా పంపిద్దాం.”

ఇప్పుడు కర్మకు పటం కోసం అక్క వాళ్ళమ్మ తామరైపాక్కం నుంచి షాపుకు వచ్చింది. అక్క ఆధార్ కార్డులోని ముఖాన్ని పెద్దది చేసి చూపించాను. కళ్ళున్న చోట రెండు నల్లమచ్చలు తేలాయి. ఆమె స్క్రీన్‌ను అరచేత్తో మూసేసింది.

“ఇది నా బిడ్డ కాదు. దాని మొగం యాడ పెట్టినావు పాపా?”

క్లౌడ్ తనంతట తానే ముఖాలను విడగొట్టి చూపిస్తుంది. ఊరి ముఖాలన్నీ వరసగా వచ్చాయి. అక్క లేదు. చీరల ఫోల్డర్ తెరిస్తే, ఇంకొకరు కూడా చూస్తున్నట్టు పైన మూలలో ఆమె పేరు వెలుగుతోంది. ఇంట్లో ఆమె కంప్యూటర్ ఎవరూ ఆపలేదు, అంతే. అది తెలిసి కూడా, ఒక్కో ఫోటో దాటుతుంటే నా భుజం మీదుగా ఎవరో చూస్తున్నట్టే ఉండింది.

నేత వీధిలో తెలిసిన ఇంటికి పోయి అక్క ఫోటో ఏదైనా ఉందా అని అడిగాను. ఆ ఇంటామె గోడ మీది అత్త పటం చూపించింది.

“మీ అక్క ఫోటో అంటే మా ఇంట్లో ఇదే ఉండాది.”

ముఖం అత్తది. కింద అక్క భుజాలు నవ్వు ఆపుకుంటున్నాయి. పక్కింట్లోనూ అవే భుజాలు. ఆ పై ఇంట్లోనూ. వీధి పొడుగునా అక్క నిలబడి ఉంది, ఇంటికో ముఖంతో.

ఇప్పుడు ఆమె పటం ఫైలు తెరిచి పెట్టాను. ఆకుపచ్చ చీర, మెడ, ఆ పైన ఏమీ లేదని చూపించే బూడిదరంగు గళ్ళు. మీ పెళ్ళి ఫోటోల్లో, తిరునాళ్ళ వీడియోల్లో అక్క ఎక్కడైనా ఉందేమో వెనక వరుసలు ఒకసారి చూడండి. సగం ముఖమైనా, కళ్ళు మూసుకొని ఉన్నా పరవాలేదు. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా షాపుకు తెలపండి. దొరక్కపోతే లేదనైనా చెప్పండి. వాళ్ళమ్మ మళ్ళీ అడిగితే నేను ఏదో ఒక జవాబు చెప్పాలి.